ఒక్క కణం నుంచి కాకినాడ దాకా.. హాల్డేన్ జీవనయానం

చదువుల కోసం, ఉద్యోగాల కోసం మనవాళ్లు లండన్‌కో హ్యూస్టన్‌కో బయల్దేరడం ఇవాళ మామూలు సంగతి. ఆ ప్రవాహానికి సరిగ్గా ఎదురుగా 1957లో ఒక పెద్దాయన ఇంగ్లండ్ నుంచి ఇండియాకు వచ్చి స్థిరపడ్డారు. అప్పటికి ఆయన వయసు 64. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసర్ పదవిని వదిలి, ప్రపంచమంతా తెలిసిన పేరును వెంటేసుకుని వచ్చిన ఆ మనిషి ఇక్కడ కోటూ టై విప్పేసి లాల్చీ వేసుకున్నారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు, ఈ నేల మీదే కన్నుమూశారు. చివరికి తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చారు. ఆయనే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. శాస్త్ర ప్రపంచానికి జేబీఎస్.

విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు కుటుంబాలు ఆయన కథను తెలుసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బడిలో బయాలజీ టీచరు జీవపరిణామం చెబుతారు. పక్కింటి స్నేహితుడో, ఆదివారం పాఠానికి వెళ్లే తోటి విద్యార్థో, తల్లి కడుపులో బిడ్డ ఎదిగే తీరు చూస్తే ఇది ఎవరో తెలివిగా గీసిన ప్లాను ప్రకారమే జరిగిందని తెలియడం లేదా అని అడుగుతాడు. రెండు మాటలూ విన్న పిల్లలు ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు అమ్మానాన్నల్ని అడుగుతారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. మన భాగవతంలో కపిలుడు తల్లి దేవహూతికి గర్భంలో పిండం ఎదిగే వైనాన్ని వివరిస్తాడు. ఒక్క బిందువు ఇంత మనిషి ఎలా అవుతుందన్న ఆశ్చర్యం అన్ని కాలాల్లోనూ ఉంది. దానికి ఇరవయ్యో శతాబ్దంలో లెక్కలు వేసి జవాబు వెతికిన వాళ్లలో హాల్డేన్ ముందు వరుసలో ఉంటారు.

తొమ్మిది నెలల జవాబు

హాల్డేన్ గురించి తరచూ చెప్పుకునే ముచ్చట ఒకటి ఉంది. ఒక సభలో ఆయన పరిణామం మీద మాట్లాడాక ఒకావిడ లేచి అభ్యంతరం చెప్పిందట. కోట్ల సంవత్సరాలు గడిచినా సరే, ఒక్క కణం నుంచి ఎముకలు, కండరాలు, నరాలు, ఆలోచించే మెదడు ఉన్న మనిషి తయారయ్యాడంటే తాను నమ్మలేనని ఆమె అన్నది. ఆ పని ఆవిడ స్వయంగా చేసిందేననీ, అందుకు తొమ్మిది నెలలే పట్టిందనీ హాల్డేన్ బదులిచ్చారట.

సభ నవ్వి ఉంటుంది. కానీ ఆ జవాబులో చమత్కారంతో పాటు లెక్క కూడా ఉంది. తల్లి అండం, తండ్రి వీర్యకణం కలిస్తే ఏర్పడేది ఒకే ఒక్క కణం. అది రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇలా 40 సార్లు రెట్టింపైతే సంఖ్య లక్ష కోట్లు దాటుతుంది. ఆ కణాలన్నీ ఒకే జన్యు సమాచారంతో మొదలైనా కొన్ని చర్మమవుతాయి, కొన్ని గుండెలో కొట్టుకుంటాయి, కొన్ని కంటి కటకంలో పారదర్శకంగా మారతాయి. బయటి నుంచి ఏ చేయీ వచ్చి ఒక్కో కణాన్ని ఇటుకలా పేర్చదు. పక్క కణం పంపే రసాయన సంకేతాన్ని బట్టి ఒక్కో కణం తన పాత్రలోకి వెళుతుంది. సామాన్యమైన దాని నుంచి సంక్లిష్టమైనది పుట్టడం అసాధ్యం కాదని ప్రతి ప్రసూతి గదీ నిరూపిస్తూనే ఉంది.

అయితే ఆవిడ వైపు నుంచి ఇంకో ప్రశ్న వేయవచ్చు. పిండం ఎదగడానికి కావలసిన సూచనలన్నీ ఆ మొదటి కణంలో ముందే ఉన్నాయి కదా, వాటిని రాసిందెవరు? మేధో రూపకల్పన వాదం నిలబడేది సరిగ్గా ఈ చోటే. హాల్డేన్‌కు ఈ సంగతి తెలియక కాదు. ఆయన జీవితంలో సగం శ్రమ ఆ సూచనలు ఎలా మారతాయి, ఎంత వేగంగా మారతాయి, మంచి మార్పు ఎలా నిలుస్తుంది అన్న లెక్కల మీదే సాగింది. సభలో ఇచ్చిన జవాబు కన్నా ఆ లెక్కలే ఆయన అసలు సమాధానం.

గనిలో నేర్చిన పాఠం

1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు జేబీఎస్. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో కార్మికుల ప్రాణాలు తీసే వాయువుల మీద పరిశోధన చేసేవారు. చెల్లెలు నయోమీ మిచిసన్ తరువాతి కాలంలో పెద్ద రచయిత్రి అయ్యారు.

తండ్రి చిన్నప్పుడే కొడుకును గనిలోకి తీసుకెళ్లారు. ఒకచోట నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగాన్ని గట్టిగా అప్పజెప్పమన్నారు. పిల్లాడు నాలుగు ముక్కలు చదివాడో లేదో ఊపిరాడక కూలబడ్డాడు. కింద పడగానే మళ్లీ గాలి అందింది. మీథేన్ వాయువు గాలి కన్నా తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుందనీ, నేల దగ్గర శ్వాస ఆడుతుందనీ ఆ అబ్బాయి జన్మలో మరిచిపోలేదు. ఏ మాటనైనా ముందు సొంత ఒంటి మీద పరీక్షించి చూడాలన్న పట్టుదల అక్కడే పుట్టింది.

పెద్దయ్యాక ఆ పట్టుదల మొండితనం దాకా వెళ్లింది. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్ కలిపిన నీళ్లు తాగి రోజుల తరబడి రొప్పారు. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, లోపలి వాళ్లు ఏ పరిస్థితిలో ప్రాణాలు వదిలారో తెలుసుకోవడానికి తాను, కొందరు మిత్రులు ఇనుప గదిలో మూసుకుని కూర్చున్నారు. అలాంటి పీడన ప్రయోగాల్లో ఆయన వెన్నుపూస దెబ్బతింది, చెవి కర్ణభేరికి చిల్లుపడింది.

విచిత్రం ఏమిటంటే ఈ మహాశాస్త్రవేత్తకు సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ముందు గణితం, తరువాత గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం చదివారు. జన్యుశాస్త్రం మాత్రం ఇంట్లోనే, చెల్లెలితో కలిసి గినీ పందుల్ని, ఎలుకల్ని పెంచి నేర్చుకున్నారు. ఎలుకల్లో రెండు లక్షణాలు జంటగా వారసత్వంలో వస్తాయని చూపిన వాళ్ల పత్రం 1915లో వెలువడింది. అందులో మూడో రచయిత అయిన స్నేహితుడు అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయాడు.

హాల్డేన్ కూడా అదే యుద్ధంలో ఉన్నారు. బ్లాక్ వాచ్ దళంలో పోరాడి ఫ్రాన్స్‌లో ఒకసారి, మెసపొటేమియాలో మరోసారి గాయపడ్డారు. కోలుకోవడానికి ఆయన్ని పంపింది ఇండియాకు. ఈ దేశం నచ్చింది గానీ, పాలించే జాతివాడిగా ఇక్కడ తిరగడం నచ్చలేదు. భారతీయులతో సమానంగా కలిసి కూర్చోగలిగే రోజు వస్తేనే మళ్లీ రావాలని అప్పుడే అనుకున్నారు. ఆ రోజు రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

పరిణామానికి లెక్క కట్టిన మనిషి

1923లో కేంబ్రిడ్జి చేరిన హాల్డేన్ జీవరసాయన శాస్త్రం బోధిస్తూనే మరో పనికి పూనుకున్నారు. అప్పటికి డార్విన్ సిద్ధాంతం ఇబ్బందుల్లో ఉంది. పరిణామం జరిగిందని చాలామంది ఒప్పుకున్నా, ప్రకృతి వరణానికి అంత శక్తి ఉందా అన్న అనుమానం శాస్త్రవేత్తల్లోనే ఉండేది. మెండెల్ బఠాణీల సూత్రాలకూ డార్విన్ మాటలకూ పొంతన కుదరదని కొందరు వాదించేవారు. హాల్డేన్, ఇంగ్లండ్‌లోనే రోనాల్డ్ ఫిషర్, అమెరికాలో సెవాల్ రైట్ వేర్వేరుగా పనిచేసి ఆ రెండింటినీ గణితంతో ముడివేశారు.

ఒక ఉదాహరణ చూద్దాం. మాంచెస్టర్ ప్రాంతంలో బూడిద రంగు మచ్చల చిమ్మెట ఒకటి ఉండేది. 1848లో దానిలో నల్ల రకం కనిపించింది. ఫ్యాక్టరీల పొగతో చెట్లు మసిబారిన కొద్దీ ఆ రకం పెరిగి, యాభై ఏళ్లలో దాదాపు అన్నీ నల్లవే అయ్యాయి. ఇంత వేగంగా మారాలంటే తెల్లవాటి కన్నా నల్లవి ఒకటిన్నర రెట్లు ఎక్కువగా బతికి సంతానాన్ని మిగల్చాలని హాల్డేన్ 1924లో లెక్క తేల్చారు. ప్రకృతి వరణం అంత బలంగా పనిచేస్తుందని అప్పట్లో ఊహించినవారు తక్కువ. తరువాతి పరిశీలనలు ఆ లెక్కకు బలం ఇచ్చాయి. 1932లో వచ్చిన ఆయన పుస్తకం పరిణామానికి కారణాలను వివరిస్తూ ఈ లెక్కలన్నిటినీ ఒకచోట చేర్చింది.

ఆయన దృష్టిలో ప్రకృతి మచ్చలేని శిల్పి కాదు, సర్దుకుపోయే సంసారి. 1949లో చెప్పిన మలేరియా ఊహే అందుకు సాక్ష్యం. మధ్యధరా తీరంలో తలసేమియా అనే రక్తవ్యాధి జన్యువు ఎందుకంత ఎక్కువగా ఉంది? తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే అది బిడ్డను చంపుతుంది. ఒకరి నుంచే వస్తే మలేరియా నుంచి కాపాడుతుందేమోనని హాల్డేన్ అనుమానించారు. 1954లో ఆంథోనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో సరిగ్గా ఇలాంటిదే కనుగొన్నారు. మన ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసీ కుటుంబాలను ఇప్పటికీ వేధిస్తున్న సికిల్ సెల్ వెనక ఉన్న కథ ఇదే. ఒక చేత్తో కాపాడి ఇంకో చేత్తో కాటువేసే ఈ ఏర్పాటును ముందుచూపుతో ఎవరో గీసిన ప్లాను అనడం కష్టం.

కడుపులో ఏ వేళకు ఏ జన్యువు

పిండం సంగతికి వస్తే, 1932లోనే హాల్డేన్ మరో పత్రం ప్రచురించారు. జన్యువు ఏం చేస్తుందన్నదే కాదు, ఎప్పుడు చేస్తుందన్నది కూడా ముఖ్యమని అందులో వాదించారు. కొన్ని జన్యువుల ప్రభావం బీజకణంలోనే కనిపిస్తుంది, కొన్నిటిది పిండదశలో, కొన్నిటిది పుట్టిన చాన్నాళ్లకు. అదే జన్యువు పనిచేసే వేళ ముందుకు జరిగినా వెనక్కి జరిగినా జీవి రూపం మారిపోతుంది. కొత్త భాగాలను మొదటి నుంచి కనిపెట్టనక్కర్లేదు, పాత వంటకే పోపు వేసే వేళ మార్చినట్టు.

కడుపులో పోటీ గురించి కూడా ఆయన ఆలోచించారు. ఒకేసారి అనేక పిల్లల్ని మోసే జంతువుల్లో పిండాల మధ్య చోటు కోసం, ఆహారం కోసం పోటీ ఉంటుంది. త్వరగా ఎదిగే పిండానిదే గెలుపు. మనిషి తల్లి సాధారణంగా ఒక్క బిడ్డనే మోస్తుంది. ఆ తొందర లేకపోవడం వల్ల మన ఎదుగుదల నిదానంగా సాగే వీలు కలిగిందని హాల్డేన్ భావించారు. మనిషి బాల్యం ఇంత పొడవుగా ఉండటాన్ని, నేర్చుకోవడానికి ఇన్నేళ్లు దొరకడాన్ని ఈ కోణంలో చూసిన తొలివాళ్లలో ఆయన ఒకరు.

అంతకు ముందే 1924లో వచ్చిన చిన్న పుస్తకంలో ఆయన భవిష్యత్తును ఊహిస్తూ, బిడ్డల్ని తల్లి గర్భం బయట పెంచే రోజు వస్తుందని రాశారు. చదివినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. పూర్తిగా బయట పెంచడం ఇప్పటికీ సాధ్యం కాలేదు గానీ, గర్భం బయట ఫలదీకరణ జరిగిన తొలి బిడ్డ 1978లో ఇంగ్లండ్‌లోనే పుట్టింది. ఇవాళ సంతానం కోసం ఆ చికిత్స తీసుకునే తెలుగు దంపతులు ఎందరో.

చక్రం, అయస్కాంతం, ఒక తప్పు బొమ్మ

హాల్డేన్ వాదానికి వెనుదీసే మనిషి కాదు. క్యాథలిక్ మతం స్వీకరించిన రచయిత ఆర్నాల్డ్ లన్‌తో సైన్సు, దైవం మీద ఉత్తరాల్లో వాదించుకున్నారు. ఆ ఉత్తరాలు 1935లో పుస్తకంగా వచ్చాయి. 1949లో డగ్లస్ డ్యూవర్, మెర్సన్ డేవిస్ అనే ఇద్దరు సృష్టివాదులతో జరిపిన వాదోపవాదాలు ఇంకో పుస్తకమయ్యాయి. అందులో ప్రత్యర్థుల వాదాన్ని కూడా పూర్తిగా అచ్చువేశారు.

ఆ చర్చలో ఆయన ఒక పందెం లాంటిది కాశారు. పూర్తిగా తయారయ్యేదాకా ఎందుకూ పనికిరాని యంత్రాలు, అంటే చక్రం, అయస్కాంతం వంటివి, ప్రకృతి వరణం వల్ల పుట్టడం కష్టమని, అందుకే జీవుల్లో అవి కనబడవని చెప్పారు. తన సిద్ధాంతం ఏ ఆధారం దగ్గర చిక్కుల్లో పడుతుందో తానే ముందుగా చెప్పడం అది. ఆయన పోయిన పదేళ్లకు బ్యాక్టీరియా తోక నిజంగా మోటారు చక్రంలా గిర్రున తిరుగుతుందని తేలింది. 1975లో ఒంట్లో అయస్కాంత రేణువులు ఉన్న బ్యాక్టీరియా కూడా దొరికింది. మేధో రూపకల్పన వాదులు ఆ తోక మోటారునే తమ జెండా చేసుకున్నారు. 1996లో మైకేల్ బిహే రాసిన పుస్తకంలో అది ప్రధాన ఉదాహరణ. ఒక్క భాగం తీసేసినా ఆగిపోయే యంత్రం మెల్లమెల్లగా ఎలా తయారవుతుందని ఆయన అడిగారు.

దీనికి జీవశాస్త్రవేత్తలు ఇచ్చిన జవాబు ఇది. ఆ మోటారులోని భాగాలు విడివిడిగానూ వేరే పనులకు పనికొస్తాయి. మోటారు అడుగుభాగాన్ని పోలిన నిర్మాణాన్ని కొన్ని రోగకారక బ్యాక్టీరియా విషప్రోటీన్లను ఎదుటి కణంలోకి ఎక్కించే సూదిలా వాడుకుంటాయి. అంటే సగం తయారైనది సైతం వృథా కాదు, ఇంకో పనికి అక్కరకొస్తుంది. హాల్డేన్ ఉదాహరణలు నిలవలేదు, కానీ ఆయన పెట్టిన పరీక్ష వల్లే ఈ కొత్త సంగతి స్పష్టమైంది.

పిండాల విషయంలో పరిణామవాదుల వైపూ ఒక మచ్చ ఉంది. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ చేప, కోడి, కుక్క, మనిషి పిండాలు మొదట్లో ఒకేలా ఉంటాయంటూ బొమ్మలు గీశారు. 1868 నాటి పుస్తకంలో ఒకే అచ్చుదిమ్మను మూడు జంతువుల పిండాలుగా చూపించారు. తోటి శాస్త్రవేత్తలు అప్పుడే పట్టుకుని తప్పుపట్టారు. అయినా ఆ తరహా బొమ్మలు వందేళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో తిరిగాయి. 1997లో మైకేల్ రిచర్డ్‌సన్ బృందం అసలు పిండాల ఫోటోలు ప్రచురించి తేడాలు చూపించింది. ఆ తరువాత సృష్టివాదులు ఈ తప్పునే పట్టుకుని పరిణామమంతా అబద్ధమని ప్రచారం చేశారు. తప్పు బొమ్మను తీసేయాల్సిందే. కానీ బొమ్మ పోయినంత మాత్రాన పిండం చెప్పే సాక్ష్యం పోదు.

పళ్లు లేని తిమింగలాలు కొన్ని ఉన్నాయి. వాటి పిండాల చిగుళ్లలో పళ్ల మొగ్గలు పుట్టి, బిడ్డ పుట్టకముందే కరిగిపోతాయి. మనిషి పిండానికి నాలుగైదు వారాల వయసులో తోక ఉంటుంది, తరువాత కుంచించుకుపోతుంది. అప్పుడే మెడ దగ్గర వంపులు కనిపిస్తాయి. చేపలో ఆ వంపులు మొప్పలకు ఆధారమవుతాయి. మనలో అవే దవడకు, చెవిలోని చిన్న ఎముకలకు, స్వరపేటికకు దారితీస్తాయి. ఆ వంపుల చరిత్ర వల్లే ఒక విడ్డూరం జరిగింది. మాట పలికించే స్వరపేటికకు వెళ్లే ఎడమవైపు నరం మెదడు నుంచి నేరుగా గొంతుకు పోదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని కింద చుట్టు తిరిగి, మళ్లీ పైకెక్కుతుంది. జిరాఫీలో ఈ దండగ ప్రయాణం మీటర్ల పొడవు ఉంటుంది. కొత్తగా ఇల్లు కట్టే ఇంజినీరు ఇలా వైరింగ్ చేయడు. పాత ఇంటిని తరతరాలుగా మార్చుకుంటూ వచ్చినప్పుడే ఇలాంటివి మిగులుతాయి.

హాల్డేన్ బతికుండగా తెలియని ఇంకో సాక్ష్యం 1995లో బయటపడింది. కన్ను ఏర్పడటానికి ఎలుకలో అవసరమైన జన్యువును వాల్టర్ గేరింగ్ బృందం పండ్ల ఈగలో పనిచేయించింది. ఈగ ఒంటి మీద అదనంగా కళ్లు మొలిచాయి, అదీ ఈగ కళ్లే. ఎలుకకూ ఈగకూ కన్ను మొదలుపెట్టే తాళంచెవి ఒక్కటేనన్నమాట. ఏ జన్యువు ఎప్పుడు, ఎక్కడ మొదలవుతుందన్నదే రూపాన్ని నిర్ణయిస్తుందన్న 1932 నాటి ఆలోచనకు ఇంతకన్నా మంచి కొనసాగింపు లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం డోవర్ పాఠశాలల కేసులో 2005 డిసెంబర్‌లో జడ్జి జాన్ జోన్స్ తీర్పు చెబుతూ, మేధో రూపకల్పన సైన్సు కాదని, దాన్ని ప్రభుత్వ బడుల సైన్సు తరగతిలో చెప్పడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. ఇంట్లో, గుడిలో, చర్చిలో నమ్మకాన్ని ఆ తీర్పు ముట్టుకోలేదు. సైన్సు పాఠంలో ఏది ఉండాలన్నదే అక్కడి వివాదం.

ఆధారం తడబడిన చోట

ఇంత నిక్కచ్చి మనిషి కూడా ఒకచోట తడబడ్డారు. హాల్డేన్ కరడుగట్టిన కమ్యూనిస్టు. పార్టీ పత్రికలో వందల సైన్సు వ్యాసాలు కార్మికుల కోసం సులభ భాషలో రాశారు. అదే సమయంలో సోవియట్ యూనియన్‌లో లైసెంకో అనే వ్యవసాయవేత్త, జన్యుశాస్త్రమే తప్పంటూ స్టాలిన్ అండతో శాస్త్రవేత్తల నోరు మూయించాడు. 1928లో హాల్డేన్‌ను ఆ దేశానికి ఆహ్వానించిన మహాశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయారు. జన్యుశాస్త్రంలో ప్రపంచానికే గురువైన హాల్డేన్ లైసెంకోను సూటిగా ఖండించడానికి చాలా ఆలస్యం చేశారు. చివరికి 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు. నమ్మకం మతానిదైనా పార్టీదైనా, ఆధారానికి అడ్డం వస్తే ఎంతటివాడి చూపైనా మసకబారుతుందని ఆయన జీవితమే చెబుతోంది. ఈ మచ్చను దాచి ఆయన్ని పొగడటం ఆయన పద్ధతికే విరుద్ధం.

పారిజాతం రేకులు, కొబ్బరి చెట్లు

1956లో సూయెజ్ కాలువ మీద బ్రిటన్ దాడి చేయడం హాల్డేన్‌కు కోపం తెప్పించింది. ఆ నిరసనతో దేశం విడుస్తున్నానని ప్రకటించారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై 1957లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చారు. భార్య హెలెన్ స్పర్వే కూడా జీవశాస్త్రవేత్తే. గప్పీ అనే చిన్న చేపల్లో మగచేప ప్రమేయం లేకుండానే పిల్లలు పుట్టడాన్ని గమనించి ఇంగ్లండ్ పత్రికల్లో సంచలనం రేపిన పరిశోధకురాలు ఆమె.

ఇండియాలో ఖరీదైన యంత్రాలు లేవని హాల్డేన్ బాధపడలేదు. కళ్లు, ఓపిక, లెక్క ఉంటే చాలన్నది ఆయన ధోరణి. జంతువుల్ని చంపకుండా చేసే పరిశోధన ఈ దేశానికి తగినదని భావించారు. ఒక శిష్యుడి చేత పారిజాతం పూల రేకులు లెక్కపెట్టించారు. ఒకే చెట్టు పూలలో రేకుల సంఖ్య ఎందుకు మారుతుంది, ఎదుగుదలలో అంత తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నది ప్రశ్న. మరో పరిశోధకుడు కొబ్బరి చెట్ల ఆకులు కుడివైపు మెలితిరుగుతాయా ఎడమవైపా అని తోటల వెంట తిరిగి రాసుకున్నారు. మన పెరట్లో రోజూ చూసే చెట్టూ పువ్వే ఎదుగుదల రహస్యాలకు కిటికీలు అయ్యాయి.

ఆ శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన మన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. మగవాళ్ల చెవుల అంచుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకుకు వచ్చే తీరును ఆయన ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాల్లో గాలించారు. మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద చేసిన అధ్యయనం 1963లో వెలువడింది. మేనమామ కూతురు, అక్క కూతురు అంటూ తరాలుగా సాగిన పెళ్లిళ్లు పిల్లల ఆరోగ్యం మీద చూపే ప్రభావాన్ని లెక్కలతో చూసిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. ద్రోణంరాజు తరువాత అమెరికా వెళ్లి హ్యూస్టన్‌లో స్థిరపడి, గురువు జీవితం మీద పుస్తకాలు రాశారు. ఇంగ్లండ్ దొర ఇండియాకు, ఆయన తెలుగు శిష్యుడు అమెరికాకు. జ్ఞానం రెండు దారుల్లోనూ ప్రయాణించింది.

నాస్తికుడైనా హాల్డేన్ మన పురాణాలను ఇష్టంగా చదివారు. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనం అంటూ సాగే దశావతారాల వరుస వెన్నెముక జీవుల పరిణామానికి స్థూలంగా సరిపోతుందని ముచ్చటపడ్డారు. పురాణం సైన్సు పాఠమని మాత్రం ఆయన అనలేదు. పోలిక వేరు, రుజువు వేరు. పిల్లలకు రెండూ చెప్పేటప్పుడు ఈ తేడా కూడా చెప్పడం మేలు.

కలకత్తా సంస్థలో విభేదాలు వచ్చి బయటికొచ్చిన హాల్డేన్, ఒడిశా ప్రభుత్వం అండతో 1962లో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టారు. అంతకు ముందు ఏడాదే భారత పౌరుడయ్యారు. కొత్త ప్రయోగశాల కుదురుకునేలోపే క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ అయ్యాక, ఆ జబ్బు మీదే నవ్వు పుట్టించే పద్యం రాసి అచ్చువేశారు. అనుమానం రాగానే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పడం దాని ఉద్దేశం. తన సంతాప ప్రసంగాన్ని కూడా తానే బీబీసీకి ముందుగా రికార్డు చేసి ఇచ్చారు.

దేహం చేరిన తీరం

1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ కన్నుమూశారు. వీలునామాలో తన దేహాన్ని వైద్య పరిశోధనకు, బోధనకు ఇవ్వాలని రాశారు. బతికినన్నాళ్లూ ఆ ఒంటిని ఆ రెండు పనులకూ వాడాననీ, చనిపోయాక తనకు దానితో అవసరం ఉండదు కాబట్టి ఇతరులు వాడుకోవాలనీ ఆ రాతల సారాంశం. పాడవకుండా చల్లగా ఉంచే ఖర్చును తన ఆస్తిలోంచే ముందుగా తీయాలని కూడా సూచించారు. అలా ఆ దేహం 1958లో మొదలైన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. హెలెన్ ఆ తరువాత హైదరాబాద్‌లో స్థిరపడి 1978లో అక్కడే తుదిశ్వాస విడిచారు. దంపతులిద్దరి చివరి మజిలీ తెలుగు నేలే అయింది.

శవాన్ని తాకడమే మైల అనుకునే కాలంలో ఒక విదేశీయుడు చేసిన దానం అది. ఆ కళాశాలలో చదివి అమెరికాలో, ఇంగ్లండ్‌లో వైద్యం చేస్తున్న తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. ఏ దేశంలో చదివినా అనాటమీ తరగతిలో వాళ్లు నేర్చుకునే పాఠాల్లో ఛాతీలోకి దిగి, పెద్ద ధమనిని చుట్టి, తిరిగి గొంతుకెక్కే ఆ నరం ఒకటి. అందరి దేహాల్లాగే హాల్డేన్ దేహంలోనూ అది ఉంది. జీవితమంతా సభల్లో, పుస్తకాల్లో ఆయన చేసిన వాదనకు ఆ నరం కూడా ఒక సాక్షి.